కొత్త టేకు క్యాబిన్

మా బావ గట్టయ్య ఎక్కడ కూర్చోబోయినా ముందు నెత్తి మీదికి చూసేవాడు. చాయ్ హోటల్లో రేకులు చూసేవాడు, టాకీసులో దూలాలు చూసేవాడు. పెండ్లికి పోతే పందిరి గుంజను వేలి కణుపుతో కొట్టి విని, అప్పుడు విస్తరి ముందు కూర్చునేవాడు. చుట్టాలు నవ్వేవాళ్ళు. బొగ్గుబాయిలో చేసినవాళ్ళు మాత్రం నవ్వేవాళ్ళు కాదు.

బావ, అతని దోస్తు రాజం గోదావరిఖనిలో ఒకే బాయిలో బదిలీ ఫిల్లర్లు. పర్మినెంటువాడు డ్యూటీకి రాని రోజు వీళ్ళను పిలిచి టబ్బుల్లో బొగ్గు నింపించేవాళ్ళు. ఒకనాడు పైకప్పు కింద పెట్టిన కర్ర దిమ్మ కిర్రుమన్నది. ఆ సప్పుడుకు ఎవడూ ఆలోచించడు, ఉరుకుతాడు. బావ ఉరికాడు. రాజం తట్ట తీసుకుందామని వంగాడు. రాజం ఉన్న కాడ దిమ్మ పాతది, నల్లబడి నెర్రెలిచ్చింది. బావ చేరిన కాడ ఆ పొద్దే పెట్టిన కొత్త దిమ్మ. కప్పు సరిగ్గా ఆ కొత్త దిమ్మ దాకా కూలి ఆగిపోయింది.

ఆ తర్వాత బావ బాయిలోకి దిగలేదు. "ఇగ నా నెత్తి మీద మొగులు తప్ప ఏం ఉండద్దు" అన్నాడు. పెద్దపల్లిలో ఒక బొగ్గు లారీ మీద తిరిగి స్టీరింగు నేర్చుకున్నాడు, లైసెన్సు తెచ్చుకున్నాడు.

అవి రామగుండంలో ఎరువుల ఫ్యాక్టరీ కడుతున్న రోజులు. స్టేషన్లో ఇనుప గడ్డర్లు గుట్టలుగా దిగేవి. వాటిని మోసే లారీకి పక్కలకు చెక్కలుండవు, వెనుక అంతా బల్లపరుపు. గడ్డర్లు పరిచి గొలుసులతో కట్టడమే. అట్లాంటి లారీలకు డ్రైవర్లు కావాలని ఇద్దరు ఓనర్లు అడుగుతున్నారు. నేను అప్పటికి కరీంనగర్ కాలేజీ విడిచిపెట్టి వచ్చి, ఏ పనీ నచ్చక తిరుగుతున్నాను. మా అక్క సారలమ్మ నన్ను బావ వెంట తోలింది.

"నువ్వన్న నాలుగచ్చరాలు సదివినవ్. ఎవని దగ్గర ఎక్కితె మనిషి మంచిగ ఇంటికొస్తడో సూసి రా" అన్నది.

లారీల గురించి నాకేం తెల్వదు. ఆ మాట అక్కతో అనలేదు.

మొదట సదయ్య కాక దగ్గరికి పోయాం. ఒకప్పుడు డ్రైవరే, ఇప్పుడు రెండు లారీల ఓనరు. లారీని చూస్తే జాలేసింది. క్యాబిన్ రంగు పెచ్చులూడి ఉంది, తలుపు తాడుతో కట్టి ఉంది. క్యాబిన్ వెనుక అడ్డంగా పాత దుంగలు నిలబెట్టి బోల్టులు బిగించాడు. నల్లగా, నెర్రెలిచ్చి ఉన్నాయి.

"గీ దుంగలెందుకు కాకా? బరువు దండుగ" అన్నాడు బావ.

"లోడుకు డ్రైవరంటె పానం. ఊకె దగ్గరికొస్తదిరా" అన్నాడు సదయ్య కాక, బీడీ నోట్లోనే పెట్టుకొని. "నెల రోజులు గొలుసులు కట్టుడు నేర్చుకో. స్టీరింగు ఆ ఎన్క ఇస్త."

"నాకు లైసెన్సున్నది."

"గొలుసుకు సూపెట్టు నీ లైసెన్సు. ఇప్పుకుంటదేమో అడుగు."

అక్కడున్నవాళ్ళు నవ్వారు. బావ నవ్వలేదు. అతని చూపు నల్లబడ్డ ఆ కర్ర మీదే ఉంది. బయటికి వచ్చాక అన్నాడు: "రాజం మీద వడ్డ దిమ్మ అచ్చం గట్లనే ఉండె."

రెండో ఓనరు లింగమూర్తి సేటు. స్టేషన్ దగ్గర పెద్ద షెడ్డు, వరుసగా లారీలు. అన్ని క్యాబిన్లూ కొత్త టేకువి. పసుపు రంగు ఇంకా మెరుస్తోంది, వార్నీషు వాసన. బావ లోపలికెక్కి పైన కొట్టాడు, పక్కల కొట్టాడు, వీపు వెనుక చెక్కను కొట్టి చెవి ఆనించాడు. ఖంగుమని మోగింది. దిగివచ్చినప్పుడు బావ మొహం తేటపడి ఉంది. రాజం పోయినప్పటి నుంచి ఆ మొహాన్ని అట్లా నేను చూడలేదు.

"బావా, టైర్లు గుండయినయి. కిందంతా తుప్పు. క్యాబినొక్కటే కొత్తది" అన్నాను.

"గందుకే జెప్తున్న. మనిషి కూసునే కాడ కొత్త కర్ర వెట్టిండు. బాయిల ఏ ఆఫీసరు గంత సోంచాయించిండు?"

షెడ్డు చివర వడ్ల ఆగయ్య కూర్చొని చిత్రిక పడుతున్నాడు. అతని ముందు ఇంకో క్యాబిన్, సగం పైగా అయిపోయింది. షెడ్డులో క్యాబిన్ లేని లారీ ఒక్కటీ లేదు.

"గిది ఏ లారీకి తాతా?" అని అడిగాను.

"ఏదానికి అక్కెరవడితె దానికి" అన్నాడు ఆగయ్య తల ఎత్తకుండా. "ఒకటి తయారుండాలంటడు సేటు."

నేను వరుసలోని లారీలను మళ్ళీ లెక్కపెట్టాను. బావ మాత్రం మెచ్చుకున్నాడు. బాయిలో కూడా కూలీల మీది సర్దారు మంచివాడైతే పని జాగా పక్కన కొత్త దిమ్మలు తెచ్చి పెట్టుకుంటాడట. ముందుచూపు అంటే అదేనట.

"ముందటి డ్రైవర్ ఎటు వోయిండు సేటు?" అని అడిగాను నేనే.

"డ్రైవర్లు నిలుస్తరా తమ్మీ? ఎవనూరు వానిది" అన్నాడు లింగమూర్తి నవ్వుతూ. బావ అక్కడే కుదిరాడు. ఆ ఆదివారమే సేటు బావ పేరు మీద మైసమ్మకు యాటను కోయించాడు. బానెట్ మీద రక్తం బొట్టు పెట్టించాడు. కూర మా ఇంటికి కూడా పంపాడు. కొత్త డ్రైవర్ ఎక్కినప్పుడల్లా ఇట్లానే కోయిస్తాడని కూర తెచ్చినవాడు చెప్పాడు. అక్క గిన్నె మూత తీసి, చాలాసేపు చూసి, మళ్ళీ మూత పెట్టింది.

"డ్రైవర్ డ్రైవర్‌కు యాటనా?" అన్నది. "గంత భయమేందో ఆ సేటుకు."

"భయం కాదు, భక్తి" అన్నాడు బావ. అక్క ఆ కూర ముట్టలేదు.

మొదటి లోడు నాడు నేను లేను. రైలు గేటుమ్యాన్ చెప్పిందీ, బావ చెప్పిందీ కలిపి రాస్తున్నాను. దగ్గరి దూరమే కదా అని సేటు క్లీనర్‌ను ఇవ్వలేదు. గొలుసులు షెడ్డు కూలీలు కట్టారు. స్టేషన్ దాటాక రోడ్డు దిగుడు, దిగుడు కింద రైలు గేటు. బావ సగం దిగేసరికి గేటు పడుతోంది. బ్రేకు తొక్కాడు. లారీ మెల్లబడింది. వెనుక ఇనుము మెల్లబడలేదు.

కిర్రుమన్నది. వీపు వెనుక కొత్త టేకు.

"బాయిల ఉన్నననుకున్న" అన్నాడు బావ. "ఏ బాయో, ఏ షిఫ్టో ఎర్కలేదు. ఉరుకుదామని కాలు వెడితె తలుపుండె. దుంకిన."

గడ్డర్లు క్యాబిన్ వెనుక నుంచి లోపలికి దూరి ముందు అద్దం లోంచి బయటికి వచ్చాయి. లారీ గేటు గుంజకు ఆనుకొని ఆగింది. నేను పోయి చూసేసరికి డ్రైవర్ సీటు లేదు, స్టీరింగు లేదు. టేకు చెక్కలు పొయ్యిలోకి చీల్చిన పేళ్ళలాగా రోడ్డు మీద పడి ఉన్నాయి. లింగమూర్తి సేటు వాటిని ఏరిస్తున్నాడు. బావ మోకాలికి కట్టుకున్న రక్తపు గుడ్డను చూసి, "లారీని ఇడిశిపెట్టి దుంకుతరా ఎవరన్న?" అన్నాడు. కోపంగా కూడా అనలేదు. అలవాటైన మాట లాగా అన్నాడు.

బావ దవాఖానకు పోలేదు. కుంటుకుంటూ సదయ్య కాక దగ్గరికి పోయి, లోడుకు అడ్డంగా నిలబెట్టిన ఆ నల్ల దుంగలను అరచేత్తో తడిమాడు. కాక ఒక గొలుసు తెచ్చి బావ కాళ్ళ దగ్గర పడేశాడు.

వారం తిరగకముందే బావ నన్ను మళ్ళీ షెడ్డుకు పంపాడు. బావ చేసిన బాయి నుంచే మొగిలి అనే పిల్లగాడు పని మానేసి సేటు దగ్గర ఎక్కుతున్నాడని తెలిసింది. నేను పోయేసరికి ఆగయ్య తయారుగా పెట్టిన క్యాబిన్ బావ దుంకిన లారీ మీదే కూర్చుంది. పసుపు రంగు ఆరలేదు. మొగిలి లోపలికెక్కి వేలి కణుపుతో కొట్టి వింటున్నాడు.

జరిగిందంతా చెప్పాను. సదయ్య కాకకు ఇంకొక మనిషి కావాలని కూడా చెప్పాను. మొగిలి ఓపికగా విన్నాడు.

"గట్టయ్యన్న బతికిండు గదనే?"

"బతికిండు."

"మరి నేను గూడ బాయిల జేసినోన్నే. సప్పుడైతె దుంకుత."

బయట చెట్టుకు యాట కట్టేసి ఉంది. షెడ్డు చివర ఆగయ్య కొత్త టేకు దూలానికి దారం పట్టి గీత గీస్తున్నాడు.