అక్క పాటల్లో ఏరేసిన చెత్త

టేపులాయనకు వృథా అంటే ఒంటికి పడదు. కేసెట్ల కాలంలో ఆయన వీధి మలుపు దగ్గర రికార్డింగు దుకాణం నడిపాడు. ఎవరు ఏ పాట అడిగితే ఆ పాట ఎక్కించి ఇచ్చేవాడు. పాటకీ పాటకీ మధ్య ఎక్కడైనా దగ్గు వినిపించినా, కుర్చీ కిర్రుమన్నా మళ్లీ మొదటినుంచీ ఎక్కించాల్సిందే. టేపు ఊరికే తిరుగుతుంటే ఆయన ప్రాణం ఉసూరుమనేది. దుకాణం ఎప్పుడో మూతపడింది. పేరు మిగిలింది, బుద్ధీ మిగిలింది. పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గానీ పోదంటారు, ఊరికే అన్నారా?

ఇప్పుడు ముందుగదిలో ఒక కంప్యూటరు, దాన్నిండా పాటలు. అన్నిట్లోకీ ఆయనకు ప్రాణమైనవి అక్క పాటలు. అక్కేమీ పేరున్న గాయని కాదు. పెళ్లికి ముందు ఇంట్లో సరదాకి పాడుతుంటే, తమ్ముడు ఎదురుగా టేపు రికార్డరు పెట్టుకుని కూర్చునేవాడు. తర్వాత బావ పోయాడు. ఆ తర్వాత అక్క గొంతులో గడ్డ లేచింది. ఆపరేషనుతో ప్రాణం దక్కింది గానీ మాట దక్కలేదు. అప్పటినుంచీ తమ్ముడి దగ్గరే ఉంటోంది. చెప్పాల్సింది పలక మీద రాస్తుంది, పిలవాలంటే చెంచాతో కప్పు మీద కొడుతుంది. పెళ్లీ పెటాకులూ లేని తమ్ముడికి ఆ టంగుటంగే ఇంట్లో మనిషి అలికిడి.

ఒకరోజు కంప్యూటరు లోపల గరగరమని చప్పుడు మొదలైంది. బాగుచేసేవాడు చెవి పెట్టి విని, "డిస్కు ఎప్పుడైనా పోవచ్చు సార్. ఇంకోదాంట్లోకి కాపీ పెట్టుకోండి" అన్నాడు. పాత కేసెట్లు బూజు పట్టి ఎప్పుడో చెత్తబండి ఎక్కాయి. అక్క గొంతు ఇంకెక్కడా లేదు.

వెంటనే కొత్త డిస్కు కొన్నాడు. ఇక కాపీ తీసే సాఫ్ట్‌వేరు కావాలి. కూరగాయల బండి దగ్గర వంకాయలు ఏరినట్టు ఒక్కొక్కటీ తిప్పి చూసి, చివరికి రెండు మిగిల్చాడు. రెండూ రోజూ మారిన పాటల్ని మాత్రమే కాపీ చేస్తాయి, మిగతావాటి జోలికి పోవు. తేడా ఒక్కటే. మొదటిది పాట మారితే కొత్తదీ ఉంచుతుంది, పాతదీ దాస్తుంది. రెండోది అద్దం లాంటిది. ఇక్కడ ఎలా ఉంటే అక్కడా అలాగే చేస్తుంది.

పక్కన కూర్చున్న అక్క మొదటిదాని మీద వేలు పెట్టింది.

"నీకు తెలీదులే అక్కా. ఒకే పాట నాలుగు రకాలుగా ఎందుకు? ఇల్లంతా చెత్త పోగేసినట్టుంటుంది."

అక్క పలక అందుకుని, 'ఉంటే ఏం?' అని రాసింది.

ఆయన నవ్వేసి రెండోది పెట్టాడు.

పాటలకు కాపలా దొరికిందన్న ధీమాతో అక్క పాటల్ని శుభ్రం చేయడానికి కూర్చున్నాడు. అదే ఆయన కొంప ముంచింది. పాటకు ముందు గొంతు సవరింపు, మధ్యలో నవ్వు, వెనకాల గిన్నెల చప్పుడు, పాట అయ్యాక కబుర్లు, అన్నీ కత్తిరించాడు. సాయంత్రమయ్యేసరికి సాఫ్ట్‌వేరు ఆ మారిన పాటల్నే ఏరి, కొత్త డిస్కులో పాతవాటి మీద ఎక్కించేది. ఎంత బుద్ధిగా పనిచేస్తోందో అని మురిసిపోయేవాడు పిచ్చిమారాజు.

పనంతా అయిపోయాక, ఒక మధ్యాహ్నం అక్క పలక చూపించింది. 'అమ్మ పిలిచే పాట పెట్టు.'

ఆయనకు గుర్తొచ్చింది. పాట మధ్యలో వంటింట్లోంచి అమ్మ, "ఇద్దరూ రండర్రా, చల్లారిపోతోంది" అంటుంది. "వస్తున్నామే అమ్మా, ఉండవే" అని అక్క విసుక్కుని నవ్వుతుంది. పాటకు అడ్డొచ్చిందని ఆ ముక్క తనే కోసేశాడు.

"కొత్త డిస్కులో ఉంటుందిలే" అన్నాడు. తీసి పెట్టాడు. పాట ఎక్కడా ఆగకుండా, గిన్నె చప్పుడు కూడా లేకుండా సాగిపోయింది. అద్దం కదా మరి. అప్పుడు సాఫ్ట్‌వేరు మార్చడానికి కూర్చున్నాడు, చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు.

"కోసేశానక్కా" అన్నాడు తల వంచుకుని. "పాట శుభ్రంగా ఉంటుందనుకున్నా."

అక్క పలక ఒళ్లోకి తీసుకుంది. తర్వాత నెమ్మదిగా రాసింది. 'పాటలు ఎవరైనా పాడతారురా.'

ఆయనకు ఏడుపొచ్చింది. దాచుకోలేదు.

మర్నాటినుంచీ ఒక్కో పాటా చివరిదాకా విన్నాడు, ఎక్కడైనా ఒక మాట తన కత్తెర తప్పించుకుందేమోనని. ఆయన చేతిపని మహా నాణ్యమైనది. ఎక్కడా ఏమీ మిగల్లేదు. ఆశ వదులుకుంటుండగా ఒక పాట తోకలో, ఆయన చూసుకోకుండా వదిలేసిన చోట, మామూలు గొంతుతో, విసుగ్గా అక్క మాట వినిపించింది.

"చాలు, ఇంక ఆపరా."

పక్కగదిలోంచి అక్క గోడ పట్టుకుని వచ్చింది. కుర్చీలో కూర్చుని మళ్లీ పెట్టమని చెయ్యి తిప్పింది. పెట్టాడు. కళ్లు మూసుకుని వింది. చెంచాతో కప్పు మీద కొట్టింది. మళ్లీ పెట్టాడు.

"చాలు, ఇంక ఆపరా" అంది అక్క.

చెంచా మళ్లీ టంగుమంది.