ఎనిమిది వేల నంబరు తలుపు

ముందుగా ఒక హెచ్చరిక. నేను "తుపాను వచ్చింది" అంటే మా ఇంట్లో ఎవరూ కిటికీలు మూయరు. ఆరేసిన బట్టలు కాస్త కదిలాయేమోనని తొంగి చూస్తారు, అంతే. కాబట్టి ఈ జ్ఞాపకంలో ఎక్కడైనా ఏనుగు ఎదురైతే దున్నపోతుగా, దున్నపోతు ఎదురైతే మేకగా సవరించుకుని చదువుకోండి. కంప్యూటరు చేసిన పనిని మాత్రం సవరించకండి. దాన్ని పెంచి చెప్పేంత ఊహ నాకు ఆనాడూ లేదు, స్వచ్ఛంద పదవీ విరమణ చేసి తీరిగ్గా కూర్చున్న ఈనాడూ లేదు.

2005లో, దసరాకు ముందు, బోధన్ దగ్గరి ఒక ప్రైవేటు చక్కెర కర్మాగారంలో నన్ను ఇ.డి.పి. విభాగానికి అసిస్టెంట్ మేనేజరుగా వేశారు. ఇ.డి.పి. అంటే కంప్యూటర్ల గది. ఫ్యాక్టరీ మొత్తంలో ఏసీ ఉన్న గది అదొక్కటే కాబట్టి, మే నెలలో దానికి దేవాలయానికున్నంత రద్దీ ఉండేది. సాక్షాత్తు జనరల్ మేనేజరు కూడా ఏదో ఒక సందేహం వెంటబెట్టుకుని వచ్చి, అది తీరినా లేచేవారు కారు.

చెరుకు ఫ్యాక్టరీ పద్ధతి తెలియనివారికి రెండు మాటలు. రైతు తోట నాటాక ఫీల్డ్‌మన్ వచ్చి టేపు పట్టి కొలుస్తాడు; అదే సర్వే. రైతు పేరు, విస్తీర్ణం, రకం, నాటిన తేదీ మా గదికి చేరతాయి. ఊరికొక ఫైలు, సీజన్‌కొక ఫోల్డరు. తోట వయసును బట్టి కేన్ విభాగం కటింగ్ ఆర్డరు ఇస్తుంది. అది వచ్చాకే కొడవలి పట్టాలి. నరికిన చెరుకు బండి గేటు దగ్గరి యార్డుకు వస్తే అక్కడ ఫైలు చూసి టోకెన్ ఇస్తారు. ఆ వరుస ప్రకారమే కాటా, ఆ తర్వాత మిల్లు. ఫైలులో లేని తోట భూమ్మీద లేనట్టే. సీజన్ మధ్యలో ఆ బండ్ల వరుస మా గేటు నుంచి బయలుదేరి నిజామాబాద్ దాటి ఇందల్వాయి దాకా పోయేది. సవరించుకున్నారు కదా? రోడ్డు మలుపు దాకా పోయేది.

యార్డు కంప్యూటరు నుంచి మా గదికి పొడవాటి వైరు ఉంది. దాని మీదుగా యార్డువాళ్లు మా ఫైళ్లు చూసుకునేవారు. ఆ ఏడు గానుగ మొదలైన కొత్తలోనే ఒక వైరస్ వచ్చింది. అందరూ రాసుకునేందుకు వీలుగా తెరిచి ఉంచిన ఫోల్డర్లలోకి దూరి, అక్కడ తన పిల్లల్ని పెట్టి, పక్క కంప్యూటరుకు పోతుంది. హైదరాబాదు హెడ్డాఫీసు నుంచి ఉత్తర్వు దిగింది: ఫోల్డర్ల షేరింగ్ అంతా బందు. ఇక ఫైళ్లు ఫ్లాపీల మీద నడవాల్సి వచ్చింది.

ఫ్లాపీకి చెరుకు పిప్పి ధూళి పడదు. మా ఫ్యాక్టరీలో ఆ ధూళి పడని చోటు లేదు. భోజనం డబ్బా మూత తీసేలోగా పప్పు మీద ఇంకొక పోపు పడేది. యార్డు సూపర్‌వైజరు సాయిలు ఫ్లాపీని చేతి రుమాల్లో చుట్టి, దాన్ని చొక్కా లోపల పెట్టుకుని, పైన స్వెటరు తొడుక్కుని, పసిబిడ్డను ఆసుపత్రికి తీసుకుపోతున్నట్టు తీసుకుపోయేవాడు. అయినా సగం ఫ్లాపీలు దారిలోనే ప్రాణం విడిచేవి.

"సార్, గీ నౌకరి నాతోని కాదు. పొద్దుగాల నుంచి నాలుగిటిని సంపిన. నాకు పాపం తాకుతది," అన్నాడొకరోజు, ఐదోదాన్ని నా బల్ల మీద పెడుతూ.

ఆ వారమే నిజామాబాద్ బస్టాండులో ఒక కంప్యూటరు పత్రిక కొన్నాను. దాంతో పాటు ఒక సీడీ ఉచితం. అందులో పైథాన్ అనే భాష ఉంది. పత్రిక చివరి పేజీలో, వంటింటి చిట్కాలు వేసినట్టు, ఒక మూల చిన్న పెట్టెలో ఒక వాక్యం ఉంది. నల్లటి కమాండ్ కిటికీ తెరిచి, మీరు చూపించదలచిన ఫోల్డరులోకి వెళ్లి, ఇలా కొట్టండి అని:

python -m SimpleHTTPServer

కొట్టాను. ఏదో ఎర్ర అక్షరాల్లో తిడుతుందనుకున్నాను. తిట్టలేదు. ఎనిమిది వేల నంబరు తలుపు దగ్గర కూర్చున్నాను అన్న అర్థం వచ్చే ఒక ముక్క చెప్పి ఊరుకుంది. యార్డుకు ఇంటర్‌కాం చేసి, ఇంటర్నెట్ చూసే కిటికీ తెరిచి మా కంప్యూటరు చిరునామా అంకె, పక్కన ఎనిమిది వేలు కొట్టమన్నాను.

అవతలి నుంచి సాయిలు గొంతు, గుళ్లో మాట్లాడినట్టు మెల్లగా వచ్చింది. "సార్, ఊర్లన్ని వరసగ కనిపిస్తున్నయి. గివి ఎట్లొచ్చినయి? నేనేం ఎక్కియ్యలే. సీడీ పెట్టలే. ఏం ముట్టలే సార్, ఒట్టు."

నేను ఇరవై ఏళ్లుగా కంప్యూటర్ల మధ్య ఉన్నవాణ్ని. ప్రతి పనికీ ఒక పెట్టె, పెట్టెకొక పుస్తకం, పుస్తకానికొక ఇంజనీరు, ఆ ఇంజనీరుకు లాడ్జి గది, రాత్రికి కోడికూర ఏర్పాటు చేసిన చెయ్యి ఇది. ఒక్క వాక్యం కొడితే ఫ్యాక్టరీ ఆ చివరన ఊళ్లకు ఊళ్లు కనిపించడం చూసి నా మెడ మీది వెంట్రుకలు లేచాయి. ఏసీ వల్ల అనుకుని ఏసీ ఆపి చూశాను. అలాగే ఉన్నాయి.

కేన్ మేనేజరు రెడ్డి సాబు హోదాలో నాకన్నా రెండు మెట్లు పైన. చెరుకుకు సంబంధించిన ఏ ఫైలైనా ఆయన సొత్తు. ఆయనకు చూపించాను.

"షేరింగ్ బందు వెట్టుమన్నరు గద?"

ఇది షేరింగ్ కాదు, చూపించడమే అన్నాను. అవతలివాళ్లు చూడగలరు, తీసుకోగలరు. మన దగ్గర రాయలేరు, తుడపలేరు. రాయనివ్వని చోట ఆ వైరస్‌కు పిల్లలు పెట్టే చోటు లేదు.

"లైసెన్స్ ఏది?"

లేదన్నాను.

"పైసల్ గట్టకుండ వచ్చేది వైరస్ గాకుంటె ఇంకేందయ్యా?" అని కుర్చీ దగ్గరికి లాక్కున్నారు. ఆయనకు తెలియకుండానే ఆయన వేలు ఒక్కొక్క ఊరి మీదికి పోతోంది. ప్రతి ఊరూ తెరుచుకుంటోంది. కాసేపటికి, "సరే నడిపియ్యి. గని ఈ సీజన్ ఫోల్డర్ ఒక్కటే. పాత సీజన్లు యార్డుల కనబడొద్దు. కనబడితె పాత పంచాయితీలన్ని మల్ల గేటు కాడికొస్తయి," అన్నారు.

అది సులువే. ఏ గదిలో, అంటే ఏ ఫోల్డరులో, నిలబడి ఆ వాక్యం కొడితే ఆ గదీ, దాని లోపలి అరలూ మాత్రమే బయటికి కనిపిస్తాయి. పై అంతస్తు ఉందన్న సంగతి కూడా ఎవరికీ తెలియదు. ఈ సీజన్ గదిలో నిలబడి కొట్టాను.

ఇంకొక విశేషం ఆ నల్ల కిటికీలో ఉంది. ఎవరు ఏ ఫైలు అడిగినా అక్కడ ఒక వరుస పడుతుంది: అడిగిన కంప్యూటరు అంకె, అడిగిన ఫైలు పేరు, చివర రెండు వందలు అనే అంకె. రెండు వందలంటే "అడిగారు, ఇచ్చేశాను" అని. బండి వచ్చినప్పుడల్లా ఒక వరుస. ఏ ఊరి చెరుకు గేటు దాటుతోందో నేను కుర్చీలోంచే చూడగలిగేవాణ్ని. పని మానేసి దాన్నే చూస్తూ కూర్చున్న రోజులున్నాయి. భోజనం డబ్బా కూడా దాని ముందే తెరిచేవాణ్ని.

సంక్రాంతి దాటాక ఒక ఉదయం ఆ వరుసలు వింతగా పడటం మొదలైంది. రెంజల్ వైపు ఒక ఊరి ఫైలు. రెండు వందలు. మళ్లీ అదే ఊరు. రెండు వందలు. పక్క ఊరు, ఆ పక్క ఊరు, మళ్లీ మొదటి ఊరు. ఫైలు అందుతోంది, అయినా అడుగుతున్నారు. వెతికిన జేబే మళ్లీ వెతుక్కునే మనిషి చేతుల్లా ఉన్నాయి ఆ వరుసలు. అక్కడెవరో ఏదో దొరక్క తిప్పలు పడుతున్నారని, ఎవరూ ఫోను చేయకుండానే, ఆ నల్ల కిటికీ చెబుతోంది. చెప్పులు కూడా సరిగ్గా వేసుకోకుండా యార్డుకు నడిచాను.

గేటు పక్కన ఒక ట్రాక్టరు ట్రాలీ ఉంది. దాని నిండా కాలిన చెరుకు. పక్కన నిలబడ్డ ఆవిడ పేరు రాజవ్వ. ముందురోజు మధ్యాహ్నం కరెంటు తీగలు రాసుకుని నిప్పురవ్వ పడి తోట అంటుకుందట. ఆకు కాలిపోయింది, గడలు మిగిలాయి. కాలిన చెరుకును వెంటనే గానుగాడాలి. ఆలస్యమైతే బరువు తగ్గుతుంది, రసం పులుస్తుంది, ఆ తర్వాత అది పొయ్యిలోకే. అందుకే కాలిన చెరుకుకు కటింగ్ ఆర్డరు లేకపోయినా వరుస తప్పించి ముందు టోకెన్ ఇవ్వాలని నియమం. తోట సర్వేలో ఉంటేనే. ఎవరి చెరుకో తెలియకుండా ముందు తోసేస్తే రేపు ప్రతి బండీ కాలే వస్తుంది.

"అవ్వా, మీ ఊరు మొత్తం సూసిన. నీ పేరు లేదు. నేనేం జెయ్యాలె?" అంటున్నాడు సాయిలు. అతని ముఖం కూడా కాలినట్టే ఉంది.

"మీ ఫీల్డ్‌మన్ వచ్చి టేపు వట్టిండు. మా ఇంట్ల చాయ్ తాగిండు. చాయ్ల శక్కర తక్కువైందన్నడు గూడ. గా డబ్బల లేకుంటె నా చెరుకు లేనట్టేనా? అగో, ముట్టి సూడు. చేతులు నల్లగయితయి."

ఈలోగా రెడ్డి సాబు జీపు వచ్చింది. సర్వేలో లేని తోటకు టోకెన్ లేదన్నారు, మామూలు వరుసలో నిలబెట్టమన్నారు. మామూలు వరుస అంటే, చెప్పాను కదా, ఇందల్వాయి.

నేను రాజవ్వను ఎప్పుడు నాటారని అడిగాను.

"పోయినేడు మీ ఫ్యాక్టరీ నడుస్తున్నప్పుడే. శివరాత్రి ముందట. నాటినంక మీ సైరన్ కూత ఇనుకుంటనే నీళ్లు వెట్టినం."

అప్పుడు వెలిగింది. లోకానికి ఏడాది ఉగాదికో జనవరికో మారుతుంది. చెరుకు ఫ్యాక్టరీలో మిల్లు ఆగిన రోజు మారుతుంది. సర్వే మామూలుగా మిల్లు ఆగాకే మొదలవుతుంది. అందరి తోటలూ కొత్త సీజన్‌లోకి ఎక్కుతాయి. తొందరగా నాటిన ఒకరిద్దరి తోటలకు మాత్రం ఫీల్డ్‌మన్ దారినపోతూ అప్పుడే టేపు పట్టేస్తాడు. మిల్లు ఇంకా తిరుగుతోంది కాబట్టి అవి పాత సీజన్‌లో పడతాయి. గానుగ మొదలయ్యాక వాటిని కొత్తదాంట్లోకి మార్చడం ఆనవాయితీ. ఆ ఏడు సరిగ్గా అప్పుడే వైరస్ వచ్చింది. కేన్ విభాగం మార్చిందని ఇ.డి.పి., ఇ.డి.పి. మార్చిందని కేన్ విభాగం, ఒకరినొకరు ఎంతో నమ్ముకున్నారు. కటింగ్ ఆర్డరు వంతు వస్తే బయటపడేది. అంతకుముందే నిప్పు పడింది.

పాత సీజన్ చూడాలి అన్నాను. రెడ్డి సాబు ముఖం గట్టిపడింది. "ఒకరికి తెరిస్తె అందరికి తెరిసినట్టే. అదొద్దనే గద చెప్పిన."

రాజవ్వ ఆయన వైపు తిరిగింది. "సారూ, నా తోటల నిప్పు నిన్ననే ఆరింది. మీ రూలు ఇంక ఆరుతలేదు."

ఆయన నన్ను పక్కకు పిలిచారు. "ఆ తలుపు అట్లనే ఉంచి, పక్కకు ఇంకోటి వెట్టరాదా? చూసినంక మూసేద్దాం."

ఆ ప్రశ్న ఆయన నోట వస్తుందని నేననుకోలేదు. వెట్టొచ్చు సార్, ఎన్నైనా వెట్టొచ్చు అన్నాను.

గదికి తిరిగి వచ్చాను. పరుగెత్తాననే చెబుతాను, మీరు నడిచానని సవరించుకోండి. ఇంకొక నల్ల కిటికీ తెరిచి, పాత సీజన్ గదిలో నిలబడి, అదే వాక్యం కొట్టి, చివర ఎనిమిది వేల ఒకటి అని చేర్చాను. రెండో తలుపు తెరుచుకుంది. మొదటిది దాని మానాన అది పనిచేస్తూనే ఉంది. సాయిలుకు నంబరు చెప్పాను.

ఒక వరుస పడింది. రెంజల్ వైపు ఊరు. రెండు వందలు. ఇంకొకటి పడుతుందేమోనని ఊపిరి బిగబట్టి చూశాను. పడలేదు. మళ్లీ అడగలేదంటే దొరికిందన్నమాట. ఒక ఖాళీ తెర అంత మాట చెప్పగలదని నాకు ఆ రోజే తెలిసింది. ఫోను మోగింది. సాయిలు ఒక్క ముక్కే అన్నాడు: "ఉన్నది సార్."

ట్రాలీ కాటా ఎక్కింది. మిగిలిన చెరుకు కూడా సాయంత్రంలోగా వచ్చి మిల్లులో పడింది. పాత సీజన్‌లో ఉండిపోయిన తోటలన్నీ మర్నాడే రెడ్డి సాబు దగ్గరుండి మార్పించారు. రెండో తలుపు మూయమని మాత్రం ఆయన మళ్లీ చెప్పలేదు. నేనూ గుర్తు చేయలేదు.

ఈ వృత్తిలోకి వచ్చేవారికి చెప్పదగ్గది, ఆ రోజు నాకు నేర్పింది ఇది. సర్వరు, అంటే ఫైళ్లు వడ్డించే ఆ ప్రోగ్రాము, తాను నిలబడ్డ గదిలో ఉన్నది ఇస్తుంది, లేనిదాని గురించి ఏమీ చెప్పదు. "రికార్డులో లేదు" అన్న మాటకు "ఈ గదిలో లేదు" అన్నంత అర్థమే ఉంది. పైగా, అడిగిందల్లా సక్రమంగా అందుతున్నా ఎవరైనా అదే మళ్లీ మళ్లీ అడుగుతుంటే, యంత్రం సరిగ్గా ఉందని సంతోషించి కూర్చోకూడదు. లేచి వెళ్లి చూడాలి.

ఇక కల్పించినదేమిటో చెప్పాలి. వాక్యం నిజం, రెండు తలుపులూ నిజం, నల్ల కిటికీలో పడిన వరుసలు నిజం. ఏసీ ఆపి మెడ తడుముకున్నదీ నిజమే. కల్పించింది రాజవ్వ రెడ్డి సాబుతో అన్న మాట. అంత మంచి మాట ఎవరో ఒకరు అని ఉండాల్సిందనిపించి నేనే అనిపించాను. ఆవిడ ఆయనతో ఏమీ అనలేదు. దగ్గరికి వచ్చి, తెల్లటి జీపు బానెట్ మీద రెండు అరచేతులూ ఆనించి, తీసింది.

ఆయన ఆ నల్లటి అచ్చుల వైపు చూసి, నన్ను పక్కకు పిలిచారు.