అంగారకుడి మీద పదును

ఆ సైన్స్ ఫిక్షన్ సీరియల్‌కు దుస్తులు, సెట్టు నా పని. ఒక ఎపిసోడులో అంగారక గ్రహం కావాలన్నారు. ఊళ్లన్నీ తిరిగి, బెళుగుప్ప దగ్గర ఒక రైతు బీడు చేను ఖాయం చేశాను. ఎర్రమన్ను, గుండ్రాళ్లు, మచ్చుకైనా పచ్చని ఆకు లేదు. డైరెక్టరు నన్ను ముద్దు పెట్టుకున్నంత పని చేశాడు.

వ్యోమగామి సూటు రాయదుర్గంలో కుట్టించాను. ఆ దర్జీ బతుకంతా జీన్సే కుట్టినవాడు, అలవాటు కొద్దీ వెనక రెండు జేబులు పెట్టేశాడు. ఇదేంటంటే, "జేబుల్లేని ప్యాంటు యాడన్నా ఉండాదా అన్నా?" అని నన్నే కసిరాడు. విప్పించే టైము లేదు. కెమెరాకు వీపు చూపించొద్దని హీరోను బతిమాలుకున్నాను.

మొదటి రోజు షూటింగు బాగానే జరిగింది. సాయంత్రం వాన దంచికొట్టింది. మా రాకెట్టుకు పూసిన వెండిరంగంతా కడుక్కుపోయింది.

తెల్లారి వెళ్లేసరికి రైతు ఎద్దులు, విత్తనాలు వేసే గొర్రుతో చేలో నిలబడి ఉన్నాడు. వేరుశెనగ విత్తుతాడట. రెండు రోజులు ఆగమని డైరెక్టరు ఆయన చేతులు పట్టుకున్నాడు.

"రెండు దినాలకు నేల్లో పదును ఆరిపోతాది సామీ. పోయినేడు అదునుకు వాన పడలే, విత్తనమే ఎయ్యలే. మీ గ్రహం యాడికీ పోదులే."

నాకు ఒళ్లు మండింది. ఆ గ్రహాన్ని వెతికి పట్టింది నేను! కానీ ఆయన ముఖం చూశాక, రాకెట్టును నేనే గట్టు మీదికి లాగించాను.

ఆ రోజు ఊరంతా విత్తుతోంది. గొర్రు గిన్నెలో గింజలు వదలడానికి ఆయనకు మనిషి దొరకలేదు. మమ్మల్నందరినీ ఎగాదిగా చూసి, సూటేసుకున్న హీరో అటు తిరగ్గానే కేకేశాడు.

"ఏమప్పా తెల్లగుడ్డలు, నీకు జేబులుండాయి కదా. ఇట్ల రా!"

వెనక జేబుల నిండా గింజలతో మా వ్యోమగామి గొర్రు వెంట నడిచాడు. డైరెక్టరు చేసేది లేక, ఎద్దులు ఫ్రేములో పడకుండా దాన్నే తీయించాడు. ఒక తోక మాత్రం పడింది. అదేంటని అడిగినవాళ్లకు యాంటెన్నా అని చెప్పాం.

నెల తర్వాత, మిగిలిన రెండు షాట్ల కోసం మళ్లీ వచ్చాం. అంగారకుడు పచ్చగా ఉన్నాడు. డైరెక్టరు తల పట్టుకుని గట్టు మీద కూలబడ్డాడు. నా ఉద్యోగం ఊడినట్టేనని తెలిసి కూడా నాకు పట్టలేనంత సంతోషమైంది. ఒక్క సాలులో మాత్రం మొలకలు ఒకచోట గుత్తులుగా, ఒకచోట బారెడు ఖాళీగా ఉన్నాయి.

"అది మీ రాకెట్టోడు ఏసింది" అన్నాడు రైతు.

తర్వాత తలగుడ్డ సరిచేసుకుని, చేనుకు ముందు నిలబడ్డాడు.

"ఇప్పుడు తియ్యండప్పా. అప్పుడు ఏముండాదని తీసినారు?"