తలుపేసినట్టా, ఉప్పేసినట్టా?

ఒక్క చిన్న గీత. గాలికి ఒరిగిన కంచె కర్రలా ఏటవాలుగా ఉంటుంది. దాన్ని నమ్ముకుని నేను నౌపడలో పదకొండు మంది ఉప్పు రైతుల ముందు, ఇద్దరు హోటలు వ్యాపారుల ముందు, సొంత మేనమామ ముందు ఎలా మునిగానో చెబుతాను. నవ్వండి, పర్వాలేదు. తప్పంతా నా ఒక్కడిదే అనుకునేవాళ్లు మాత్రం ఇక్కడితో చదవడం ఆపేయండి.

కొన్నేళ్ల కిందట విజయనగరంలో వెబ్‌సైట్లు తయారుచేసే చిన్న ఆఫీసులో పనిచేసేవాణ్ణి. మా రామ్మూర్తి మావ నౌపడ ఉప్పు రైతులకు పెద్ద తలకాయ. ఉప్పు నేరుగా అమ్ముకోవడానికి సైటు కావాల్సి వచ్చింది. విశాఖ కంపెనీకి ఇద్దామన్న వాళ్లందరినీ ఎదిరించి, "మా మేనల్లుడు సేస్తాడు" అని ఆ పని నాకు ఇప్పించాడు. కొనేవాళ్లు వచ్చే రోజు సైటు చూపించాలి. లేకపోతే పని విశాఖకు పోతుంది, మావ మాట ఉప్పు మడిలో కరిగిపోతుంది.

సరిగ్గా ముందురోజు ఒక లోపం బయటపడింది. సైటు తెరవగానే "నౌపడ ఉప్పుకు స్వాగతం" అని పలకరించాల్సిన ప్రోగ్రాము పలకడం మానేసింది. సైట్లు కట్టడానికి మేము వాడే ఫ్రేమ్‌వర్క్‌లో పేజీలన్నిటికీ కలిపి ఒక ఉమ్మడి ఫైలు ఉంటుంది. అందులో ఆ ప్రోగ్రామును పిలిచే స్క్రిప్ట్ ట్యాగులో, అంటే బ్రౌజరుకు ఇచ్చే ఆదేశంలో, ఒక అక్షరం తప్పు పడింది. మర్నాడు పొద్దున్న రైల్లో, ఒళ్లో ల్యాప్‌టాప్ పెట్టుకుని ఆ అక్షరం దిద్దాను. అక్కడితో ఊరుకుంటే నేను నేనెందుకవుతాను? ఆ స్క్రిప్టును ఒక ట్యాగుతో తెరిచి, మధ్యలో ఏమీ పెట్టకుండా, ఇంకో ట్యాగుతో మూశారు. ఖాళీ డబ్బాకు మూత దేనికి? బొమ్మ పెట్టే ట్యాగు చివర ఒక్క ఏటవాలు గీతతో సర్దుకుపోతుంది కదా! మూత పీకేశాను, గీత గీశాను, సైటులోకి ఎక్కించేశాను.

ఆఫీసులో నా పని సరిచూసేది సుగుణ. ఎచ్చెర్లలో చదువుకున్న పిల్ల. బండి శ్రీకాకుళం రోడ్డు స్టేషను దాటకముందే ఫోను చేసింది.

"స్క్రిప్ట్‌కి గీత సాలదు, మూత ఉండాల. పేజీ తెరిసి సూసేవా?"

"చూడక్కర్లేదు. నాకు తెలుసు."

"నీకు సెప్పినా ఒకటే, టేసను గోడకి సెప్పినా ఒకటే."

గోడ! నన్ను! ఫోను పెట్టేశాను. అప్పుడే ఆ మూత పెట్టేసి ఉంటే సరిపోయేది. కానీ గోడ అనిపించుకున్నాక పెడతానా? మూయమంటే నాకు కోపం, మూయకపోతే బ్రౌజరుకు కోపం.

నౌపడలో ఉప్పు బస్తాల షెడ్డులో పెద్ద టీవీ పెట్టారు. మావ తుండు సర్దుకుని సైటు తెరిచాడు. తెరంతా తెల్లగా ఉంది. అక్షరం లేదు, బొమ్మ లేదు.

"ఏటిది, కాళీగా ఉన్నాది?" అన్నాడు లావుపాటి వ్యాపారి.

మావ తొణకలేదు. "కాళీ ఏటండీ? అదే మా ఉప్పు. ఎంత తెల్లగా ఉన్నాదో సూడండి."

రైతులు చప్పట్లు కొట్టారు. వ్యాపారి కూడా రెండు కొట్టి, "సరే గాని, ఆర్డరు ఎక్కడ ఇవ్వాల?" అన్నాడు.

మావ నా వైపు తిరిగాడు. "ఒరే సూరీ, ఉప్పు సూసేరు. ఇంక సైటు సూపించు."

గోడ నోరు తెరవాల్సి వచ్చింది. సుగుణకు ఫోను చేశాను. షెడ్డు రేకుల కింద మాట సరిగ్గా వినబడక స్పీకరు పెట్టాను. అదీ నా ఖర్మే.

"పేజీ తెల్లగా ఉంది."

"ఉంటాది మరి! ఆ స్క్రిప్ట్ ఎక్కడ అయిపోయిందో తెలక, బ్రౌజరు నీ పేజీనంతా ప్రోగ్రామే అనుకుని మింగేసింది. కింద స్క్రిప్ట్ ఏసెయ్."

వేసెయ్ అంది కదా! అదే ట్యాగు ఇంకొకటి కింద వేశాను.

"ఏసేవా?"

"వేశాను. రాలేదు."

"సరిగ్గా ఏసెయ్."

ఇంకొకటి వేశాను.

"ఏసేసేవా?"

"వేశాను! రాలేదు!"

"ఓలమ్మ, సూసుకుని ఏసెయ్!"

చూసుకుని మరో మూడు వేశాను. చెమట కళ్లలోకి కారుతోంది. "ఇంకెన్ని వేయమంటావు? పాతదానితో కలిపి ఆరయ్యాయి!"

"ఆరేటి? ఒక్కటి ఏస్తే సాలు కదేటి!"

షెడ్డు మూలన బస్తాలు కుడుతున్న పారమ్మ సూది ఆపింది. బడి మొహం చూడని మనిషి. "బాబూ, ఆ పిల్ల తలుపు ఏసినట్టు ఏసెయ్ అంతంటే, నువ్వు కూరలో ఉప్పు ఏసినట్టు ఏస్తన్నావేటి?"

ఫోనులోంచి పకపకా నవ్వు. "ఆవిడెవులో గాని, నీ కుర్సీ ఆవిడికి ఇచ్చీ!"

మీరే చెప్పండి. తెలుగులో తలుపూ వేస్తారు, ఉప్పూ వేస్తారు. ఇందులో నా నేరమేమిటి? ఉప్పు తిన్నవాడు నీళ్లు తాగాలన్నారు గానీ, ఉప్పు వేసినవాడు తిట్లు తినాలని ఎవరన్నారు?

పళ్లు నూరుకుంటూ ఆరింటికీ మూతలు పెట్టాను. పేజీ వచ్చింది! ఉప్పు మడులు, బస్తాలు, ఆర్డరు బొత్తం. అన్నిటికంటే పైన "నౌపడ ఉప్పుకు స్వాగతం" అన్న పలకరింపు. మావ దాన్ని నొక్కి మూసి వ్యాపారులకు దండం పెట్టాడు. వాళ్లు లేచి తిరిగి పెట్టారు. మళ్లీ స్వాగతం. మళ్లీ దండం. స్క్రిప్టులు ఆరు, స్వాగతాలు ఆరు. ఎదుటివాడు పలకరిస్తుంటే చేతులు దించడం మా మావ వంశంలో లేదు. ఆరోసారికి లావుపాటి వ్యాపారి రొప్పుతూ బస్తా మీద కూలబడ్డాడు.

"ఇంత మర్యాద ఎక్కడా సూడలేదండీ బాబూ! ఏడోది రాకముందే ఆర్డరు రాసుకోండి."

మావ మాట నిలబడింది. పని విశాఖకు పోలేదు. "ఇంకమీదట ఏటి మార్సినా ముందు పారమ్మకి సూపించు" అన్నాడు మావ, అందరి ముందూ. ఆఫీసులో సుగుణ ఇప్పటికీ సాయంత్రం వెళ్తూ వెళ్తూ, "సూరీ, తలుపు ఏసెయ్. ఉప్పు కాదు సుమీ!" అంటుంది.

అందుకని గుప్పెడు నౌపడ ఉప్పు పట్టుకుని ఒట్టేస్తున్నాను. తెరిచిన స్క్రిప్టును మూత పెట్టకుండా వదలను. ఎవరు వెయ్యమన్నా, "తలుపా, ఉప్పా?" అని అడగనిదే వేలు కదపను.

కానీ ఆ గోడ అన్న మాట ఉందే, దానికి మాత్రం మూత పెట్టను. సుగుణతో ఆ లెక్క తెరిచే ఉంటుంది.