రేవు వైపు తలుపు

మా రేవు బజారులో ఇళ్ళన్నిటికీ ముఖం కృష్ణ వైపే. పొగాకు, మిరపకాయలు పడవల మీద వచ్చే కాలంలో కట్టినవి. వెనకంతా ముళ్ళకంప. అటు తలుపు ఎవరికి కావాలి? ఎనభైల్లో ఆ కంప కొట్టేసి తారు రోడ్డేశారు. మాచర్ల బస్సులు, సిమెంటు లారీలు అటే తిరగసాగాయి. అంతే, బజారు బజారంతా ఏటికి వీపు తిప్పేసింది. పొగాకు గోదాము లారీల షెడ్డయింది. పడవలు బాగుచేసే పాక సైకిల్ షాపయింది. రేవు వైపు తలుపుల్ని ఇటుకలతో పూడ్చేశారు. ఆ గోడల్ని చూస్తే నాకు ఒళ్ళు మండేది.

మిగిలింది మా నానీ టీ కొట్టొక్కటే. నానీ అంటే మా అమ్మ వాళ్ళమ్మ. పడవ దిగినవాళ్ళకే తొలి గ్లాసు అన్నది రేవులో పాత పద్ధతి. పడవ ఒక్కటే మిగిలినా ఆమె ఆ పద్ధతి వదల్లేదు. కలెక్టరొచ్చినా ఆగాల్సిందే.

షెడ్డులో మెకానిక్కైన ఆమె కొడుకు, మా మామూకి ఇది నచ్చేది కాదు.

"రోడ్డు వైపు తలుపు పెడదామమ్మా. ఏట్లో చేపలు టీ తాగుతాయా ఏంది?"

"తాగితే వాటికీ పోస్తా. నీకేంది?"

ఒకరోజు మామూ తాపీమేస్త్రీని తెచ్చి వెనక గోడ పగలగొట్టించి తలుపు పెట్టించాడు. నానీ తన టీ తను కాచుకుంటూనే ఉంది. ఆ ఇటుకలతో రేవు తలుపు పూడ్చబోతే మాత్రం పీట తెచ్చుకుని గుమ్మంలో కూర్చుంది.

"నన్నూ కలిపి కట్టండిరా!"

మేస్త్రీ తాపీ కిందపెట్టి వెళ్ళిపోయాడు.

మర్నాడు రెండు తలుపులూ తెరిచేసరికి ఏటిగాలి కొట్టులోంచి దూసుకుపోయింది. కిరసనాయిలు స్టవ్వు వెలిగించినప్పుడల్లా ఆరిపోతోంది. రోడ్డు వైపు గుమ్మం బయట లారీ డ్రైవర్లు టీ కోసం నిలబడి ఉన్నారు. వాళ్ళ ముందు మామూ.

"ఏదో ఒక తలుపు ముయ్యాలమ్మా," అన్నాడు, గెలిచినట్టు నవ్వుతూ.

"అవునురా," అంటూ నానీ లేచింది. నేరుగా రోడ్డు తలుపు దగ్గరికెళ్ళి, వాళ్ళ మొహం మీదే మూసి గడియ పెట్టింది.

"టీ కావాలంటే సందులోంచి తిరిగి రండి నాయనా! ఇంటి ముఖం ఇటుంది!"

నేను చప్పట్లు కొట్టాను. ఎందుకు కొట్టకూడదు? డ్రైవర్లు సణుక్కుంటూ సందు చుట్టి రేవు మెట్ల మీదికి వచ్చారు. అప్పుడే అవతలి గట్టు నుంచి పడవ వచ్చి ఆగింది. నానీ ముందు పడవ దిగినవాళ్ళకి పోసింది, తర్వాత డ్రైవర్లకి.

ఆఖరి గ్లాసు మామూది.