పార్టీ వాళ్లిచ్చిన రగ్గు

మొన్న దేశ రాజధానిలో, జనక్‌పురిలో మా బాల్కనీ ఎండలో పేపర్లో ఒక జడ్జి తీర్పు చదువుతుంటే, కాలేజీకి బయల్దేరిన మనవరాలు భుజం మీంచి తొంగిచూసి, "తాతా, యే జడ్జ్ కిస్ పార్టీ కా హై?" అనేసి, జవాబు కోసం ఆగకుండా మెట్లు దిగిపోయింది. జడ్జి ఏ పార్టీ మనిషని అడగడం ఆ పిల్లకు తప్పుగా తోచలేదు. నాకు కోపం రాలేదు, నీరసం వచ్చింది. మన రోజుల్లో ఆ మాట అడగాలంటే కాస్త గొంతయినా తగ్గించేవాళ్లం.

డెబ్భైల చివర్లో నేను స్టెనోగా పనిచేసిన అధికారిగారు, పరదేశీయులని పోలీసులు పట్టుకొచ్చినవాళ్ల కేసులు విని, ఉండనివ్వాలో పంపెయ్యాలో తేల్చేవారు. మన గుంటూరు వైపు మనిషే అయినా, పక్షపాతం అనుకుంటారని ఆఫీసులో నాతో ఒక్క ముక్క తెలుగు మాట్లాడేవారు కాదు. ఎన్నికలొచ్చాయంటే ఫుట్‌పాత్ జనాన్ని తరిమేస్తామని ఒక పార్టీ, కాపాడతామని ఇంకో పార్టీ. మధ్యలో ఈయన పని కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం.

ఒక జనవరిలో, రైల్వేస్టేషను బయట పడుకునే ముసలమ్మను తెచ్చారు. సరిహద్దు దాటొచ్చిందని పోలీసులు, పెళ్లయి వచ్చినప్పటినుంచీ ఇక్కడే ఇటుకలు మోశానని ఆవిడ. కేసు ఓడితే తనవాళ్లెవరూ లేని దేశానికి పంపేస్తారు. ఒంటిమీద ఎవరో లీడరు మనుషులు పంచిన రగ్గు, దానిమీద అప్పడమంత పార్టీ గుర్తు. ఆ గుర్తు ఎదురుగా ఉండగా కేసు విననని, రగ్గు బయట పెట్టి రమ్మన్నారాయన. పలచటి చీరలో ఆవిడ గజగజ వణుకుతుంటే నాకు ఒళ్లు మండింది. ఆయన తన శాలువా ఇస్తే అదీ పక్షపాతమేనట! అందుకని హీటరు ఆపించి, కోటూ స్వెట్టరూ విప్పి పక్కన పెట్టి, ఉత్త చొక్కాతో వణుకుతూ కేసంతా విన్నారు. నేను కొంకర్లుపోయిన వేళ్లతో రాసుకున్నాను.

ఆవిడ పాత మేస్త్రీ వచ్చి సాక్ష్యం చెప్పాడు. ఈవిడ ఇక్కడి మనిషే, ఉండొచ్చని తీర్పిచ్చారు. ఆవిడ దణ్ణం పెట్టి, "ఠీక్ హై సాబ్, పర్ సోవూఁ కహాఁ?" అంది. పడుకునేదెక్కడని అడిగేసరికి, అంతటి మనిషీ నా వైపు ఫోను జరిపారు. సర్కారు వారి రైన్ బసేరాకు, అంటే రాత్రి తలదాచుకునే సత్రానికి, ఫోను చేయిస్తే, రాత్రిళ్లు మగవాళ్లకే చోటు, ఆడవాళ్లను తీసుకోం అన్నారు. దేశంలో ఉండమనే అధికారం ఆయనకుంది గాని, తలదాచుకునే చోటు చూపించే అధికారం లేదు. ఆవిడ రగ్గు కప్పుకుని మళ్లీ స్టేషను వైపే వెళ్లిపోయింది.

ఇప్పుడు ఆడవాళ్లకూ విడిగా షెల్టర్లు వచ్చాయి, చలికాలం టెంట్లు కూడా వేస్తున్నారు, సంతోషమే. రగ్గులు పంచే లీడర్లూ తగ్గలేదు. స్వెట్టరు విప్పే అధికారి మాత్రం మళ్లీ నాకు తారసపడలేదు. ఆయన చేసింది న్యాయమే, అందులో నాకిప్పటికీ అనుమానం లేదు. కానీ ఆ సాయంత్రం ఆవిడ చలి ఆపింది ఆ పార్టీవాళ్ల రగ్గే.