అక్కర్లేని కొసకు ఒక రెసిస్టర్

గతవారం ల్యాబ్‌లో ఒక విద్యార్థిని సర్క్యూట్ బోర్డు చూపించి, "సార్, ఈ కొసకు ఏమీ కలపలేదు గదా, మరి ఈ రెసిస్టర్ ఎందుకు?" అని అడిగింది. జవాబు చెప్పాను. అది నాకెలా తెలిసిందో మాత్రం చెప్పలేదు. ఇక్కడ రాస్తున్నాను.

నరసరావుపేట దగ్గరి ఈ కాలేజీలో నేను కొత్తగా చేరినప్పుడు ల్యాబ్ టెక్నీషియన్ మా మాచవరం వైపు మనిషే, వరసకు బాబాయి. నలుగురిలో నన్ను "సారూ" అనేవాడు, ఎవరూ లేకపోతే "ఒరేయ్". సోల్డర్ పొగకు ఒక కన్ను మూసి పనిచేసీ చేసీ, చివరికి ఫొటోల్లో కూడా ఒంటికన్నుతోనే పడేవాడు.

ఆ ఏడు తనిఖీ బృందం వస్తుందన్నారు. మా సెన్సర్ ఇచ్చే పల్సులు కిందికి దిగేవి. కౌంటరేమో పైకి లేచే పల్సులనే లెక్కపెట్టేది. మామూలు యాంప్లిఫైయర్‌తో తిరగేస్తే ఆ వేగం అందుకోలేక పల్సు మొద్దుబారేది. బాబాయి వేగమైన డిఫరెన్షియల్ యాంప్లిఫైయర్ ఒకటి తెప్పించాడు. దానికి రెండు అవుట్‌పుట్‌లు: ఒకదాంట్లో పల్సు ఉన్నట్టే వస్తుంది, ఇంకోదాంట్లో తలకిందులై వస్తుంది. తలకిందులైనదాన్ని కౌంటర్‌కు ఇచ్చి, అక్కర్లేని దానికి కౌంటర్ మోపేంత లోడుకు సరిపడా రెసిస్టర్ కట్టాడు.

తనిఖీ రోజు పొద్దున బోర్డు తుడుస్తుంటే ఆ రెసిస్టర్ నా కంటికి వికారంగా కనబడింది. ఎటూ పోని కొసకు ఇదెందుకని ప్లయర్‌తో తుంచేశాను. తీరా బృందం ముందు పల్సు తోక వణికింది, కౌంటర్ ఒక్కోదాన్ని రెండుగా లెక్కపెట్టింది. "ఎవరయ్యా ఇది కట్టింది?" అన్నారు ప్రిన్సిపాల్. బాబాయి వంగి తెగిన రెసిస్టర్ కాలు చూశాడు, తర్వాత నన్ను చూశాడు. "నేనేనండి" అన్నాడు. నేను నోరు విప్పలేదు.

వారం తిరక్కుండా ఆయన్ని హాస్టల్ నీళ్ల మోటార్ల దగ్గరికి మార్చారు. వెళ్తూ, "కాడికి రెండెద్దుల్ని కట్టి ఒకదాని మెడ మీదే బరువేస్తే బండి తిన్నగా పోద్దంట్రా? ఈసారి తుంచేముందు అడుగు" అన్నాడు. అంతే. రిటైరయ్యేదాకా మళ్లీ ల్యాబ్‌లో పని చేయనివ్వలేదు.

మొన్న ఆదివారం ఆయన ఇంటికి వెళ్లి, అందరికీ నిజం చెబుతానన్నాను. ఇంటి పక్క మిరప కళ్లంలో తాలుకాయలు ఏరుతూ నవ్వాడు. "ఇప్పుడేందిరా? ఆ ప్రిన్సిపాలూ లేడు, ఆ వచ్చినోళ్లూ లేరు. నోరు చానా ఆలస్యంగా వచ్చిందిలే నీకు."

అయినా రాశాను. ఆ గదీ ఆ బల్లా అక్కడే ఉన్నాయి. ఒక్క మాట పలకాల్సిన ఆ నిమిషం మాత్రం ఎక్కడా లేదు.